సాయంత్రం ఆరు దాటితే పోయే నెట్: ఒక ఇంటి కేసు, మొదటి నుంచి చివరి దాకా

హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఒక ఇల్లు. కింది వాటా అద్దెకిచ్చి పై వాటాలో ఉంటారు రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య, కోడలు, ఆరేళ్ల మనవరాలు. కొడుకు ఉద్యోగం పుణేలో. ఇంటికి ఒకే ఫైబర్ తీగ. ఇంటర్నెట్, కేబుల్ టీవీ రెండూ దాని మీదే వస్తాయి. 2025 సెప్టెంబరు మొదట్లో మొదలైన ఇబ్బంది డిసెంబరు రెండో వారం దాకా తెగలేదు. ఈలోగా నెట్ మీద తొమ్మిది కంప్లయింట్లు పెట్టారు. తొమ్మిదింటినీ 'పరిష్కారమైంది' అని మూసేశారు.

నేను ఫైబర్ లైన్ల పని పదమూడేళ్లుగా చేస్తున్నాను. మొదట ఒక కంపెనీ ఫ్రాంచైజీలో, ఆ తర్వాత సొంతంగా. నిజానికి ఇది అరగంట పని. ఆ అరగంట పనికి ఒక కుటుంబం మూడు నెలలు నలిగిపోయింది. అందుకే ఇంటివాళ్లను అడిగి, వాళ్లు సరేనన్నాకే, మొత్తం రాస్తున్నాను. పేర్లు, కంపెనీ పేరు రాయడం లేదు.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఏడాది ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే విద్యుత్ శాఖ నగరమంతా స్తంభాల మీది కేబుల్ తీగలను తొలగించడం మొదలుపెట్టింది. చాలా కాలనీల్లో రోజుల తరబడి నెట్ లేదు. స్తంభాల మీద పిచ్చుక గూళ్లలా తీగలు చుట్టి వదిలేసిన తప్పు మా పనివాళ్లందరిదీ. తొలగించడాన్ని నేను తప్పుపట్టను. కానీ తర్వాత లైన్లు మళ్లీ వేసిన తీరు వేరే సంగతి. ఒక్కో కుర్రాడికి రోజుకు ముప్పై, నలభై ఇళ్లు అప్పగించారు. ఎటు దారి దొరికితే అటు లాగారు, ఎలా కుదిరితే అలా అతికారు.

మాస్టారి ఇంటికి అంతకుముందు తీగ ముందువైపు స్తంభం నుంచి గోడ వెంబడి వచ్చేది. ఆగస్టు చివర్లో వెనక వీధి స్తంభం నుంచి పక్కింటి డాబా మీదుగా లాగి, వీళ్ల డాబా మెట్ల గదిలోంచి కిందికి దించారు. ఈ ఒక్క ముక్క ఏ కంప్లయింట్‌లోనూ లేదు. ఎవరూ అడగలేదు కనుక ఇంటివాళ్లూ చెప్పలేదు.

సెప్టెంబరు మొదటి వారం నుంచి సాయంత్రం కాగానే టీవీలో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోవడం, కాసేపటికి నెట్ పోవడం, ఫైబర్ తీగ తగిలించే నెట్ పెట్టె (మోడెమ్) మీద ఎర్ర దీపం వెలగడం. కోడలిది మెడికల్ కోడింగ్ ఉద్యోగం, సాయంత్రం ఐదున్నర నుంచి షిఫ్ట్. ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చింది. డేటా అయిపోయిన రోజు పాపను అత్తగారికి అప్పజెప్పి, లాప్‌టాప్ పట్టుకుని స్నేహితురాలి ఇంటికి వెళ్లేది. రాత్రి రెండున్నరకు తిరిగి రావడం ఇంట్లో అందరికీ టెన్షన్. టార్గెట్ తగ్గుతోందని మేనేజర్ రెండుసార్లు మెయిల్ పెట్టారు. మూడోది వస్తే ఆఫీసుకే రావాలన్నారు.

కాల్ సెంటర్‌లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, పెట్టె ఆపి మళ్లీ ఆన్ చేశారా అని. తర్వాత మనిషిని పంపేవారు. కుర్రాడు పగలు పదకొండుకో, మధ్యాహ్నం మూడుకో వచ్చేవాడు. అప్పుడు పచ్చ దీపం, స్పీడ్ టెస్ట్‌లో 97. ఒకసారి అడాప్టర్ మార్చారు. ఒకసారి పెట్టె మార్చారు. రెండుసార్లు ప్యాచ్ కార్డ్ (పెట్టెకు తగిలించే చిన్న ఫైబర్ ముక్క) మార్చారు. సాయంత్రం అందరూ వాడతారు కాబట్టి లోడ్ ఎక్కువని చెప్పి 100 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 200 ప్లాన్‌కు మార్పించారు. నెలకు 250 రూపాయలు అదనం. టీవీ సంగతి కాల్ సెంటర్ పట్టించుకోదు, అది గల్లీలోని కేబుల్ ఆఫీసు లెక్క. ఆ ఆఫీసువాళ్లు సెట్‌టాప్ బాక్స్ పాడైందని కొత్తది పెట్టి 800 తీసుకున్నారు.

ఈ కేసులో అసలు చిక్కు నాకు ఇక్కడే కనబడింది. తీగ ఒకటే, వచ్చే మనిషీ చాలాసార్లు ఒకడే. కానీ టీవీ కంప్లయింట్ ఒక పుస్తకంలో, నెట్ కంప్లయింట్ ఇంకో పుస్తకంలో. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. చూసి ఉంటే మొదటి వారంలోనే తేలిపోయేది.

నేను మొదటిసారి వెళ్లింది నవంబరు 14, ఉదయం పదకొండున్నరకు. నేనూ పగలే వెళ్లాను, కాబట్టి నాకూ అంతా బాగానే కనబడింది. మాస్టారు కాఫీ ఇప్పించి, మెల్లగా అన్నారు.

"మీరు కూడా బాగానే ఉందంటారు కదా బాబూ. నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఈ వయసులో అబద్ధం చెబుతున్నానని అనుకుంటున్నారు ఆ పిల్లలు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఫ్రాంచైజీలో ఉన్నప్పుడు నేను కూడా ఎన్ని ఇళ్లలో పచ్చ దీపం చూసి, "బాగానే ఉంది కదండీ" అని వచ్చేశానో.

"మాస్టారూ, ఎప్పుడెప్పుడు పోయిందో ఏమైనా గుర్తుందా?" అని అడిగాను.

ఆయన లోపలికి వెళ్లి మనవరాలి పాత కాపీ నోట్‌బుక్ తెచ్చారు. సెప్టెంబరు 8 నుంచి ప్రతిరోజూ రాశారు. లెక్కల మాస్టారి రాత, స్కేలుతో గీతలు గీసి. "సెప్టెం 9, మంగళ. 6.10 టీవీ గళ్లు. 6.25 నెట్ లేదు, ఎర్ర దీపం. ఉదయం 6.40కి వచ్చింది." పక్క గడిలో కంప్లయింట్ నంబరు, ఇంకో గడిలో వచ్చిన కుర్రాడు ఏం చేశాడో. నా పదమూడేళ్లలో ఇంత మంచి రికార్డు ఏ కంపెనీ సిస్టమ్‌లోనూ చూడలేదు.

గంటసేపు కూర్చుని ఆ పుస్తకమే చదివాను. ముందు దొరికింది ఇది: కొన్ని రాత్రులు టీవీ మాత్రమే పోయి నెట్ ఉంది. టీవీ ఉండి నెట్ పోయిన రాత్రి ఒక్కటీ లేదు. ఎప్పుడైనా సరే, ముందు పోయేది టీవీయే.

ఫైబర్ పని చేసేవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు. ఇలాంటి లైన్‌లో ఒకే గాజు పోగులో మూడు రంగుల కాంతి నడుస్తుంది. ఏదీ కంటికి కనబడదు. ఒక్కో రంగుకు తరంగం పొడవు వేరు: ఇంటికి వచ్చే ఇంటర్నెట్ 1490 నానోమీటర్ల మీద, ఇంటి నుంచి వెళ్లేది 1310 మీద, టీవీ 1550 మీద. గాజు పోగును బాగా వంచితే కాంతి ఆ వంపు దగ్గర బయటికి కారిపోతుంది. తరంగం ఎంత పొడవైతే అంత ఎక్కువ కారుతుంది. అందుకే వంపు పడితే ముందు దెబ్బ తినేది 1550, అంటే టీవీ. కనెక్టర్‌లో దుమ్ము ఉంటేనో, పెట్టె పాడైతేనో ఈ వరస ఉండదు. కాబట్టి ఎక్కడో తీగ నలుగుతోంది. అదీ సాయంత్రం ఆరుకు నలిగి, తెల్లారి ఆరున్నరకు వదులవుతోంది.

లోడ్ వల్ల అన్న మాట కూడా ఇక్కడితో పోయింది. లోడ్ ఎక్కువైతే స్పీడ్ తగ్గుతుంది, ఎర్ర దీపం వెలగదు. ఎర్ర దీపమంటే పెట్టెకు కాంతే అందడం లేదని అర్థం. ఎంత పెద్ద ప్లాన్ కొన్నా కాంతి పెరగదు.

తర్వాత ఆ వరసకు లొంగని రోజులు వెతికాను. రెండు దొరికాయి. అక్టోబరు 29, మొంథా తుపాను ముసురు పట్టిన రోజు: "పొద్దున్నుంచి వాన. రోజంతా లేదు." నవంబరు 5, బుధవారం: "రాత్రంతా బాగుంది. ఒక్కసారి కూడా పోలేదు." రెండు నెలల్లో అలాంటి రాత్రి అదొక్కటే.

"నవంబరు 5న ఇంట్లో ఏం జరిగింది మాస్టారూ?"

ఆయన ఆలోచిస్తుండగానే వంటింట్లోంచి అమ్మగారు అన్నారు, "కార్తీక పౌర్ణమి కదయ్యా. డాబా మీద దీపాలు పెట్టాం. గాలికి కొండెక్కిపోతున్నాయని పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాం, ఆ రాత్రి తలుపు వేయడం మర్చిపోయాను."

"ఏ తలుపమ్మా?"

"డాబా తలుపు. దోమలొస్తాయని రోజూ ఆరింటికి వేసేస్తాను. మళ్లీ పొద్దున కుండీలకు నీళ్లు పోయడానికి తీస్తాను. వాన పడితే జల్లు కొడుతుందని అసలు తీయను."

రెండు నెలలకు పైగా ఆ ఇంటికి వచ్చిన వాళ్లెవరూ ఆవిడను ఒక్క మాట అడగలేదు. నేనూ అప్పటిదాకా అడగలేదు.

పైకి వెళ్లి చూశాం. ఇనుప తలుపు, పాత చెక్క దర్వాజా. కొత్త తీగను దర్వాజా పైమూల నుంచి లోపలికి తెచ్చి, కీలు పక్కనే కిందికి దించి, రెండు మేకుల క్లిప్పులు కొట్టారు. తలుపు వేసి గడియ పెడితే తలుపు అంచు సరిగ్గా తీగ మీద పడుతోంది. స్తంభం నుంచి ఇంట్లోకి వేసే మామూలు చప్పటి డ్రాప్ కేబుల్ అది. తీగను వేళ్లతో తడిమాను. ఒకచోట తొడుగు అణిగి, నల్ల రంగు మీద గోరంత చీలిక.

ఊహ సరిపోదు, కొలత కావాలి. నవంబరు 16 ఆదివారం సాయంత్రం మళ్లీ వెళ్లాను. అంతకుముందు రాత్రి కోడలికి ఫోన్ చేసి ఒక పని చెప్పాను. పెట్టె వెనక స్టిక్కర్ మీద ఉన్న చిరునామా, పాస్‌వర్డ్‌తో దాని సెట్టింగ్స్ పేజీ తెరిచి, ఆప్టికల్ రిసీవ్ పవర్ (పెట్టెకు అందే కాంతి బలం) అన్నచోట ఉన్న అంకె చదవమన్నాను.

"నెట్ లేదు కదన్నా, ఎట్లా తెరుచుకుంటది?" అంది.

ఆ పేజీ పెట్టె లోపలే ఉంటుంది, బయటి నెట్‌తో పని లేదు. తెరిచి చదివింది: మైనస్ 28.6. కాసేపటికి అసలు అంకే లేదు, మళ్లీ మైనస్ 28.9. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గినట్టు. ఇలాంటి పెట్టెలు సాధారణంగా మైనస్ 27 డీబీఎం (కాంతి బలం కొలత) దాకా కాంతిని చదవగలవు. అది దాటితే వస్తూ పోతూ ఉంటుంది, చివరికి ఆగిపోతుంది.

ఆదివారం నా మీటర్‌తో కొలిచాను. తలుపు తీసి ఉంటే ఇంటర్నెట్ కాంతి మైనస్ 24.2, తలుపు వేస్తే మైనస్ 28.9. మూడు డీబీ తగ్గితే కాంతి సగమైనట్టు. 4.7 తగ్గిందంటే మూడో వంతే మిగిలింది. టీవీ కాంతి మైనస్ 8.5 నుంచి మైనస్ 17.8కి పడిపోయింది, అంటే ఎనిమిదో వంతు. తీగను పెట్టె నుంచి విప్పి ఎర్ర లేజర్ పెన్ తగిలించి, మెట్ల గదిలో లైటు ఆపాం. తలుపు తీసి ఉన్నప్పుడు అంతా చీకటి. అమ్మగారు తలుపు వేసి గడియ పెట్టగానే, కీలు పక్కన ఆ చీలికలోంచి చిన్న ఎర్ర చుక్క. మాస్టారు దాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. ఏమీ అనలేదు. (ఆ లేజర్ కొసను గానీ, విప్పిన ఫైబర్ కొసను గానీ ఎవరూ కంటికి ఎదురుగా పెట్టుకోకూడదు. పాపను ముందే కిందికి పంపించాం.)

ఇంతమంది మీటర్లు పెట్టి చూశారు కదా, ఎందుకు దొరకలేదని మీకు అనిపించవచ్చు. పగలు చూడడం ఒక కారణం. రెండోది మా పనివాళ్లు గమనించాల్సింది. మామూలు పవర్ మీటర్ వచ్చే కాంతినంతా కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. టీవీ కలిసిన లైన్‌లో 1550 కాంతి ఎప్పుడూ ఎక్కువ బలంగా ఉంటుంది. అందుకే ఆ కుర్రాళ్ల మీటర్ పగటిపూట మైనస్ 8 చూపించింది. "సిగ్నల్ సూపర్ ఉంది సార్" అన్నది అబద్ధం కాదు, వాళ్లు చూసింది అదే. కానీ అది టీవీ అంకె. నెట్ అంకె దాని కింద దాగి ఉంది. ఏ రంగు కాంతికి ఆ అంకె విడిగా చూపే మీటర్ ఖరీదు ఎక్కువ, ప్రతి కుర్రాడి చేతికీ ఇవ్వరు. అది లేకపోయినా పెట్టె సెట్టింగ్స్ పేజీలో నెట్ అంకె విడిగా ఉంటుంది. చూడడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. తలుపు తీసి ఉన్నప్పుడు కూడా మైనస్ 24.2 అంటే నాకు నచ్చలేదు. ఆ వీధిలో ఇంకో ఇంట్లో మైనస్ 19 ఉంది. వెనక స్తంభం దగ్గర డబ్బాలో జాయింట్ మెషీన్‌తో అతికింది కాదు, చేత్తో నొక్కి పెట్టే ఫాస్ట్ కనెక్టర్. హడావుడిలో కొస సరిగ్గా కోయలేదని అనుమానం. అక్కడే నాలుగు డీబీ పైగా పోతోంది. అది సరిగ్గా ఉంటే తలుపు నొక్కినా నెట్ పడిపోయేది కాదు, టీవీ మాత్రమే ఇబ్బంది పెట్టేది. అంటే రెండు లోపాలు కలిసి పనిచేశాయి. ఏ ఒక్కటీ నెట్‌ను పూర్తిగా ఆపగలిగేది కాదు.

ఆ రాత్రికి తలుపు వేయకుండా దోమతెర గుడ్డ అడ్డం కట్టమన్నాను. నెట్ పోలేదు. తీగ కంపెనీది కాబట్టి, నేను కోసి అతికితే రేపు నా మీదికి నెడతారు. సరిచేయాల్సింది వాళ్లే.

పదో కంప్లయింట్ పెట్టలేదు. మళ్లీ పగలు ఒకరొచ్చి, పచ్చ దీపం చూసి, కంప్లయింట్ మూయడానికి మన ఫోన్‌కు వచ్చే ఓటీపీ అడిగి వెళ్లిపోతారు. ఈ ఓటీపీ గురించి ఒక మాట. కుర్రాళ్లు బతిమాలతారు, కంప్లయింట్ మూయకపోతే జీతంలో కోస్తారని. అది నిజమే, నాకూ కోశారు. మాస్టారు జాలిపడి తొమ్మిదిసార్లూ చెప్పేశారు. ఆ తొమ్మిది ఓటీపీలే తర్వాత కంపెనీకి సాక్ష్యమయ్యాయి, "మీరే ఒప్పుకున్నారు కదా" అని. లోపం సాయంత్రం వచ్చేదైతే ఓటీపీ కూడా సాయంత్రం చూశాకే చెప్పాలి.

అప్పీలు వేశాం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో తెచ్చిన ఫిర్యాదుల నిబంధనల ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలో కంప్లయింట్ సెంటర్ పైన అప్పీలు అధికారి ఉండాలి. ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. చాలామంది నేరుగా ట్రాయ్‌కే రాస్తారు. ట్రాయ్ విడివిడి వినియోగదారుల గొడవలు తీర్చదు, కాబట్టి అలా రాసి ఎదురుచూస్తే కాలం పోవడమే. అప్పీలులో కోపం ఒక్క ముక్క కూడా రాయలేదు. తొమ్మిది కంప్లయింట్ నంబర్లు, నోట్‌బుక్ పేజీల ఫోటోలు, తలుపు తీసినప్పుడు, వేసినప్పుడు వచ్చిన అంకెలు, ఎర్ర చుక్క ఫోటో. కింద రెండు కోరికలు: సాయంత్రం ఆరు తర్వాతే మనిషిని పంపాలి, పని అయ్యాక పెట్టె చూపే అంకెను రాసి ఇవ్వాలి. టీవీ, నెట్ రెండూ ఒకే కాగితంలో పెట్టాం.

పద్దెనిమిదో రోజు ఏరియా సూపర్‌వైజర్ ఫోన్ చేశారు. డిసెంబరు 10 సాయంత్రం ఆరుంబావుకు స్ప్లైసింగ్ మెషీన్ (ఫైబర్ కొసలు అతికేది) తీసుకుని వచ్చారు. నేనూ వెళ్లాను. తలుపు వేయించి, ఆయనే సెట్టింగ్స్ పేజీ తెరిచి చూసి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మగారితో, "మా పిల్లలు ఈ తలుపు వేసి చూడాల్సిందమ్మా, క్షమించండి" అన్నారు. మనస్ఫూర్తిగా అన్న మాట అది. స్తంభం దగ్గర ఫాస్ట్ కనెక్టర్ తీసి మెషీన్‌తో అతికించారు. నలిగిన ముక్క కోసేసి కొత్త తీగ వేశారు, తలుపు దరిదాపుల్లోకి రాకుండా వెంటిలేటర్ పక్క నుంచి గోడకు రంధ్రం చేసి, వంపు దగ్గర అరచేతి వెడల్పున వదులుగా తిప్పి దించారు. చివరికి పెట్టెలో మైనస్ 19.8. తలుపు వేసినా మైనస్ 19.8. ఆ అంకెను సర్వీస్ కాగితం మీద రాసి సంతకం పెట్టారు.

డబ్బు సంగతి. రెండు నెలల నెట్ అద్దె బిల్లులో సర్దుబాటు చేశారు. ప్లాన్ మళ్లీ 100కి మార్చారు, అదనంగా కట్టిన 250లు కూడా వెనక్కి వచ్చాయి. సెట్‌టాప్ బాక్స్ 800 మాత్రం రాలేదు. అది కేబుల్ ఆఫీసు లెక్క అన్నారు. కేబుల్ ఆఫీసువాళ్లు బాక్స్ వాడేశారు కదా అన్నారు. పాత బాక్స్ అడిగితే లేదన్నారు.

మాస్టారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఆ 800 మీద ఫిర్యాదు రాయించారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతానన్నారు. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. టెలికాం కంపెనీల మీద కేసులు కమిషన్లు వినకూడదన్న వాదన కూడా 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. ఈ కాగితాలన్నీ ఆయన అదే కాపీ నోట్‌బుక్‌లో వరసగా అంటించి పెట్టుకున్నారు.

ఆ వెనక స్తంభం డబ్బాలో ఇంకో ఐదు ఇళ్ల జాయింట్లు ఉన్నాయి. సూపర్‌వైజర్‌ను అడిగి అవి కూడా చూశాం. రెండు ఇళ్లకు మైనస్ 25 దాటి ఉంది. ఒకరింట్లో నెల రోజులుగా టీవీ గళ్లు పడుతోందట, కేబుల్ ఆఫీసువాళ్లు బాక్స్ మార్చాలన్నారట. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఆ రెండూ అతికించాకే మెషీన్ మూశారు.